ఉప్పు లేని పప్పు

6,912వ రోజు

నాకు తోడు కావాలని నేనెవర్నీ అడగలేదు. అడక్కుండానే పంపించారు. పొద్దున ఒకటో తెప్ప నుంచి వచ్చిన సరుకుల పడవలో బియ్యం బస్తాలు, కందిపప్పు, వాటి మధ్యన హిమజ అనే ఒక పిల్ల దిగాయి. ఇరవై ఆరేళ్ళు. చేతిలో ఒక సంచీ, మొహంలో బోలెడు వినయం. అంత వినయం చూస్తే నాకు మొదట్నుంచీ అనుమానమే.

ఈ ఏడో తెప్ప మీద నూట నలభై మందిమి ఉన్నాం. పాచి పండిస్తాం, చేపలు పడతాం, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసుకుంటాం. నేల చూసినవాళ్ళు మాలో ఎనిమిది మందే మిగిలారు. అందరికీ రెండు పూటలా వడ్డించేది నేను, మాణిక్యం. వడ్డన మొదలుపెట్టిన రోజు నుంచీ లెక్కవేసుకుంటే ఇది ఆరువేల తొమ్మిదివందల పన్నెండో రోజు.

వడ్డన పైకి కనిపించే పని. అసలు పని చూడటం. ఎవరు తింటున్నారు, ఎవరు కెలుకుతున్నారు, ఎవరి చెయ్యి వణుకుతోంది, ఎవరు రెండు రోజులుగా ఒకే చొక్కాతో వస్తున్నారు, ఇవన్నీ చూసి ఎవరి మనసుకి జబ్బు చేసిందో కనిపెట్టాలి. భోజనాల గది కప్పుకి ఇంకా కొక్కేలున్నాయి. ఒకప్పుడు వాటికి కళ్ళ యంత్రాలు వేలాడేవి. మొహం చూసి మనసు సంగతి చెప్పేవి. జనం వాటి కింద నవ్వుతూ నడవడం నేర్చుకున్నారు. నాలుగో తెప్పలో అలా నవ్వుతూ తిరిగినవాళ్ళే ఒక్క నెలలో ఐదుగురు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు యంత్రాలన్నీ పీకి సముద్రంలో పారేసి, ఆ పని వడ్డించేవాళ్ళకి అప్పగించారు. ఆ కొక్కేలకి నేనిప్పుడు గరిటెలు తగిలించుకుంటున్నాను.

ఇవాళ బంతిని రెండు చేశారు. మొదటిది నాది, రెండోది ఆ పిల్లది. సొంత రక్తానికి వడ్డించకూడదని ఎప్పట్నుంచో ఒక నియమం ఉంది. ఇన్నాళ్ళూ వేరే మనిషి లేక ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మా తెప్ప పెద్ద సూరప్పడు గారికి అది ఉన్నట్టుండి గుర్తొచ్చింది. నా తమ్ముడు గవర్రాజు కంచం పట్టుకుని రెండో బంతిలోకి వెళ్ళిపోయాడు. వెళ్తూ నా వైపు ఒక్కసారైనా చూడలేదు.

వాడికి నలభై నాలుగేళ్ళు. అమ్మ పోయినప్పుడు ఏడేళ్ళు. వాడి అన్నంలో వేరే చెయ్యి పడటం నేను చూడటం ఇదే మొదలు.

6,915వ రోజు

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. మూడు రోజులకే జనం ఆ పిల్ల చుట్టూ మూగుతున్నారు.

మంచినీటి మర దగ్గర పనిచేసే పైడితల్లి రోజూ భోజనానికి ఆలస్యంగా వస్తుంది. చేతులు ఎప్పుడూ కడిగి కడిగి ఎర్రగా ఉంటాయి. బంతిలో చూసింది రాసుకునే నా పుస్తకంలో నాలుగేళ్ళ కింద రాశాను, శుభ్రమైన మనిషి అని. హిమజ వచ్చిన మూడో రోజున ఆవిడ పక్కన కూర్చుని, మర తలుపు ఎన్నిసార్లు వేసి చూసుకుంటారండీ అని మెల్లిగా అడిగింది. పైడితల్లి భోరుమంది. ముప్పై మూడుసార్లట. ఒక్కసారి తగ్గినా తెప్ప మునిగిపోతుందని లోపల్నుంచి ఏదో తరుముతుందట. అది అబద్ధమని తెలుసట, తెలిసినా ఆగలేదట. నాలుగేళ్ళుగా ఈ నరకం పడుతోందట.

సూరప్పడు గారు అందరి ముందూ ఆ పిల్లని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. నోటితో మెచ్చుకున్నాను, కడుపు మాత్రం భగ్గుమంది. ఎర్రయ్య బంతిలో రోజూ పక్కకి జరిగి కనపడని మనిషికి చోటిస్తున్నాడని, వాడికి గొంతులు వినిపిస్తున్నాయని పన్నెండేళ్ళ కింద కనిపెట్టింది ఎవరు? నేను కాదా? అప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరి పని వాళ్ళు చేశారనుకున్నారు.

6,919వ రోజు

ఎదురు బంతిలో ఉన్నా గవర్రాజు కంచం నాకు కనిపిస్తూనే ఉంది. మెతుకు మిగల్చడు. పంతొమ్మిదేళ్ళుగా నేను నమ్ముకున్న సూత్రం ఒకటే, కంచం ఖాళీ అయితే మనసు నిండుగా ఉన్నట్టు. మనసు చెడినవాడికి ముద్ద దిగదు.

అయితే వాడిలో ఏదో మారింది. వాడు లంగరు తాళ్ళ మనిషి. పొద్దున్నే నీళ్ళలో మునిగి తెప్పని పట్టి ఉంచే తాళ్ళు చూసి వస్తాడు. ఈ మధ్య చీకటి విడకముందే లేచి తెప్ప అంచున కూర్చుంటున్నాడట. సాయంత్రం పేకాట మానేశాడు. పిలిస్తే రెండోసారికి గాని పలకడు. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. భోజనాలయ్యాక తాళ్ళ కుప్ప మీద కూర్చుని హిమజతో మాట్లాడుతున్నాడు. మాట్లాడటమంటే ఆ పిల్ల మాట్లాడుతుంది, వీడు తల వంచుకుని వింటాడు.

నిద్ర లేకపోవడం, పరధ్యానం, పాత స్నేహితులు రుచించకపోవడం, ఒకే ఒక్క మనిషి దగ్గర నోరు విప్పడం. ఈ లక్షణాలు నాకు తెలియనివా? దీనికి ఒక్కటే పేరు. పెళ్ళి చేసుకోమని నేను పాతికేళ్ళు పోరితే వినని వెధవకి, ఇప్పుడు కూతురీడు పిల్ల కావలసివచ్చింది. వాడికి బుద్ధి లేదు సరే. చూడటానికొచ్చిన పిల్ల చూసే పని చూసుకోకుండా వల విసరడమేమిటి?

6,923వ రోజు

వాడు తాళ్ళకి పట్టిన చిప్పలు గీకే తన చిప్పకత్తిని తోటి మునక మనిషి అప్పన్నకి ఇచ్చేశాడు. ఆ కత్తిని వాడు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పాటల పెట్టె పైడితల్లికి ఇచ్చాడు. ఉల్లాసంలో ఉన్న మగాడికి చేతికి ఎముక ఉండదు, పోనీలే అనుకున్నాను.

సాయంత్రం గిన్నెలు తోముతూ చూద్దును కదా, హిమజ గూట్లో మా అమ్మ ఇత్తడి చెంబు. నేల వదిలి ఎక్కినప్పుడు అమ్మ వెంట తెచ్చుకున్నది అదొక్కటే. అక్కని నేను అడిగినా గవర్రాజు, నీకెందుకప్పా నాకు ఉండనీ అని దాచుకున్న చెంబు.

ఇదెక్కడిదని అడిగాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఆయనే ఇచ్చారు, వద్దంటే వినలేదు, మీకు ఇవ్వమని కూడా చెప్పాను అంది. ఇంకా ఏదో చెప్పబోయి పెదవి కొరుక్కుంది. బంతిలో చూసినది మూడు గుర్తులు పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు, అందులోనూ ఆ మనిషి రక్తసంబంధులకి అసలు చెప్పకూడదు. ఆ నియమం నాకూ తెలుసు. కాని ఆ క్షణంలో ఆ మొహంలో నాకు దొంగతనమే కనిపించింది.

నిజం రాస్తున్నాను, చెంబు కోసం కాదు నా ఏడుపు. వాడు దాన్ని నాకు ఇవ్వలేదని.

6,926వ రోజు

ఇవాళ దొరికింది. మధ్యాహ్నం రెండో బంతికి పప్పు తీస్తుంటే ఆ పిల్ల పక్కన ఒక చిన్న గిన్నె వేరే పెట్టుకుంది. నూట నలభై మందికి ఒకే అండాలో వండే చోట, వేరే గిన్నె ఎవరికి? చూస్తూ నిలబడ్డాను. గవర్రాజుకి. వాడొక్కడికే దాంట్లోంచి వడ్డించింది. వాడు తలెత్తకుండా అంతా తిన్నాడు.

గిన్నె తోమేలోపు అడుగున మిగిలింది నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు. తగ్గడం కాదు, రవ్వంత కూడా లేదు. చుట్టూ ఉప్పు సముద్రం, మంచినీటి మర వెనక ఉప్పు కొండలా పోసి ఉంది, ఈ మహాతల్లికి మాత్రం ప్రియమైనవాడి పప్పులో వేయడానికి చిటికెడు ఉప్పు దొరకలేదు. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకి మనసారా నవ్వాను.

సాయంత్రం వాణ్ణి ఆపి, మధ్యాహ్నం పప్పు ఎలా ఉందిరా అని అడిగాను. బాగుందప్పా అన్నాడు. నా నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడు నా చారులో ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైతే కంచం తోసేసినవాడు! ఆ పిల్ల పెడితే చప్పిడి కూడా అమృతమైపోయిందన్నమాట.

6,927వ రోజు

సూరప్పడు గారి దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. వడ్డించే మనిషి తన బంతిలో ఒకరి మీద మనసు పడితే ఆ మనిషి చూపు పనికిరాదు. విడిగా వండిన గిన్నె, గూట్లో చెంబు, తాళ్ళ కుప్ప మీద ముచ్చట్లు, మూడు గుర్తులూ చెప్పాను.

ఆయన గడ్డం గోక్కున్నారు. "పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చగా అగపడతాది మాణిక్యం. నువ్వు బాగా సూసేవా?" అన్నారు. పంతొమ్మిదేళ్ళ నా చూపుని అడిగారు ఆ మాట. చూశానన్నాను.

హిమజని బంతి నుంచి తప్పించారు. వచ్చే పడవలో విచారణకి మనుషులు వచ్చేదాకా ఎవరికీ వడ్డించకూడదు, గవర్రాజుతో మాట్లాడకూడదు. నింద పడిన మనిషి ఏం చెప్పినా రెండో వడ్డన మనిషి చూసి అవునంటేనే చెల్లుతుంది. అందుకని ఆ పిల్ల పుస్తకాన్ని నా చేతికి ఇప్పించారు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దగ్గరికొచ్చి, "మాణిక్యం గారూ, నన్ను ఏమైనా అనుకోండి. ఆ పుస్తకం మాత్రం ఇవాళే చదవండి," అంది.

నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల రాతలు నేను చదివి దిద్దుకోవాలా? పైన అటక మీద పడేశాను.

6,931వ రోజు

మళ్ళీ ఒకటే బంతి. నా గరిటె, నా వాళ్ళు. పైడితల్లి మాత్రం, ఆ అమ్మాయి ఎప్పుడొస్తుందని అడుగుతోంది. వినపడనట్టు ఊరుకుంటున్నాను.

గవర్రాజు నాలుగు రోజులు మొహం వేలాడేసుకుని తిరిగాడు. ఇవాళ మాత్రం గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మొహం తేటగా ఉంది. అన్నం పెట్టించుకుని, మెతుకు లేకుండా తిని, లేచి వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వెప్పుడూ నాకు నోటు సెయ్యనేదప్పా," అన్నాడు. నాకు లోటు చెయ్యలేదట.

నా కళ్ళు చెమర్చాయి. మైకం వదిలింది, నా తమ్ముడు నాకు తిరిగొచ్చాడు అనుకున్నాను. పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాశాను, గవర్రాజు బాగున్నాడు అని.

6,932వ రోజు

జరిగింది జరిగినట్టు రాయాలి.

తెల్లవారగానే పొయ్యి వెలిగించి, హిమజ పుస్తకం అటక మీంచి తీశాను. పడవ వచ్చే రోజు దగ్గరపడుతోంది. విచారణలో చూపించడానికి అందులో ప్రేమ గోల ఏదైనా దొరుకుతుందని తీశాను. మంచి బుద్ధితో తీయలేదు.

గవర్రాజు పేరుతో రెండు పేజీలున్నాయి. ముత్యాల్లాంటి అక్షరాలు, అదీ కడుపుమంటే.

మొదటి గుర్తు: ఇష్టమైనవి ఒక్కొక్కటే మానేస్తున్నారు. చీకటితో మెలకువ వస్తోంది, మళ్ళీ నిద్ర పట్టడం లేదు. రెండో గుర్తు: ప్రాణంగా చూసుకున్న వస్తువులు పంచిపెట్టేస్తున్నారు. చెంబు నాకు ఇచ్చారు. అక్కయ్యకి ఇస్తే ఆవిడ ఎందుకని అడుగుతుందట, నేనైతే అడగనట. మూడో గుర్తు: అంతా తింటున్నారు గాని రుచి తెలియడం లేదని అనుమానం. రెండుసార్లు ఉప్పు లేని పప్పు వడ్డించి చూశాను. రెండుసార్లూ బాగుందన్నారు. తనకి ఏ బాధా లేదంటారు, ఏ సంతోషమూ లేదంటారు. మనసు కుంగిపోయింది. రేపే పెద్దాయనకి చెప్పాలి. ఒంటరిగా నీళ్ళలోకి పంపకూడదు. ఒక్కసారిగా తేలిక పడినట్టు కనిపిస్తే అసలు వదలకూడదు.

రేపే అని రాసిన ఆ రేపు, నేను ఫిర్యాదు ఇచ్చిన రోజు.

నిన్నటి గడ్డం గీసిన మొహం కళ్ళ ముందుకొచ్చింది. పొయ్యి అలాగే వదిలేసి పరుగెత్తాను. దారిలో అప్పన్న ఎదురొచ్చాడు. ఇవాళ నేనొక్కణ్ణే చూసుకుంటాను నువ్వు పడుకో అని గవర్రాజు తనని వెనక్కి పంపేశాడట. మునిగేవాడి నడుముకి కట్టిన తాడు పైన ఒక మనిషి పట్టుకోకుండా ఎవరూ దిగరు. అది తెప్ప మీద పసివాడికి కూడా తెలుసు.

వాడు అంచు మీదే ఉన్నాడు. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు. నడుముకి తాడు లేదు. వాడికి ఇరవై అడుగుల దూరంలో, వలల మోపు మీద హిమజ కూర్చుని ఉంది. మాట్లాడకూడదన్నారు కాబట్టి మాట్లాడటం లేదు. వాడికి కనపడేలా కూర్చుంది, అంతే. బంతి నుంచి తప్పించిన రోజు నుంచీ ప్రతి పొద్దునా అక్కడే అలాగే కూర్చుంటోందట.

అక్కడ కూడా నాకంటే ముందే ఉంది.

ఆ క్షణంలో కూడా నాకు ఆ మాటే తట్టింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను. తరవాత వెళ్ళి వాడి పక్కన కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, వాడి మణికట్టు పట్టుకున్నాను. హిమజ వైపు చూశాను. ఆ పిల్ల తల ఊపింది, అడగండి అన్నట్టు.

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

"అవునప్పా," అన్నాడు.

ఎవరేమన్నారు, ఏం జరిగింది అని అడిగాను. కారణం లేకుండా మనిషి కుంగడని నేను నమ్మేదాన్ని. వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఏటీ అవనేదప్పా. అదే మరి. ఏటైనా అయితే సెప్పుకుందును. ఏడాదై లోపలేటీ నేదు."

"మరి అన్నం బాగానే తింటున్నావు కదరా. కంచం తుడిచినట్టు..."

"నువ్వు సూత్తావు కదా. కంచంలో మెతుకు ఉంటే నీ మొకం ఎలగో అయిపోయీది. అందికే మింగీవోణ్ణి. బాగున్నాడని నువ్వు రాసుకోవాలని."

కళ్ళ యంత్రాల కింద జనం నవ్వారు. నా గరిటె కింద నా తమ్ముడు తిన్నాడు. తేడా ఏమీ లేదు. వాడి చెయ్యి వదలకుండా అక్కడే కూర్చుని ఏడ్చాను. హిమజ వచ్చి, మెల్లిగా వాడి రెండో చెయ్యి పట్టుకుంది. ముగ్గురం లేచి లోపలికి వచ్చాం.

6,940వ రోజు

ఒకటో తెప్ప నుంచి వైద్యురాలు వచ్చి వెళ్ళింది. ఇది జబ్బే అంది, మందులిచ్చింది, వారాలు పడుతుందని చెప్పింది. వాణ్ణి నీళ్ళలోకి పంపడం లేదు. పగలూ రాత్రీ ఎవరో ఒకరు తోడుంటున్నారు. అప్పన్న కత్తి తిరిగిచ్చేస్తానంటే, నీ దగ్గరే ఉంచు, నేను అడిగినప్పుడు ఇద్దువు గాని అన్నాడట గవర్రాజు. అడిగినప్పుడు అన్నాడంటే అడుగుతాడన్నమాట. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాను.

నా ఫిర్యాదు తప్పని, అసూయతో రాశానని అందరి ముందూ చెప్పాను. చూపు తప్పిన వడ్డన మనిషి గరిటె దించి నలభై రోజులు బంతిలో కూర్చుని తినాలి. అదీ మా నియమమే. గవర్రాజుకి ఎదురుగా నాకు చోటిచ్చారు. హిమజ వడ్డిస్తుంది, నన్నూ చూస్తుంది.

ఆ పిల్ల నా గురించి ఏం రాసిందో చూడకుండా ఉండలేకపోయాను. దొంగతనంగా తెరిచి చూశాను. మాణిక్యం గారు: నిద్ర తక్కువ, పశ్చాత్తాపం ఎక్కువ. అసూయ ఉంది, అది జబ్బు కాదు. ఆకలి బాగుంది.

చివరి ముక్క రాయకపోతే ఏం పోయింది?

6,968వ రోజు

వారానికొకసారి హిమజ వాడికి ఆ చిన్న గిన్నెలోంచి వడ్డిస్తోంది. మూడు వారాలూ వాడు ఊరికే తిన్నాడు. నిన్న సాయంత్రం పేకాట దగ్గర కాసేపు నిలబడ్డాడు, ఆడలేదు.

ఇవాళ నాలుగోసారి. పప్పు వేసింది. వాడు కలుపుకున్నాడు. ఒక ముద్ద పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మొహం చిట్లించాడు.

"ఇదేటిది, పప్పులో ఉప్పేదీ?" అన్నాడు. కోపంగానే అన్నాడు. హిమజతో అన్నాడు.

ముప్పై ఏడేళ్ళు నా చేతి అన్నం తిని, ఆ మాట ఆ పిల్లతో అన్నాడు. ఉప్పు గిన్నె నా మోచేతి పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కాని బంతిలో కూర్చున్నవాళ్ళు వడ్డించకూడదు. హిమజ వంగి, నా మీదుగా చెయ్యి చాచి, గిన్నె తీసుకుని వాడి కంచంలో ఉప్పు వేసింది. నా కడుపు భగ్గుమంది. పంతొమ్మిదేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ మండలేదు.

వాడు గొణుక్కుంటూనే తిని, సగం అన్నం కంచంలో వదిలేసి లేచాడు. నేను చెయ్యి కడుక్కొచ్చి పుస్తకం తీసి రాసుకున్నాను: గవర్రాజు అన్నం వదిలేశాడు, బాగుపడుతున్నాడు.